యాభైమూడు పూసల తెలుగు

మా నాయనమ్మకి అక్షరం రాదు, వేలిముద్రే. కానీ పదుల లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. చీకటి పడి, అన్నాలయ్యాక గోడకి ఆనుకుని కూర్చుని చెంగు ముడిలోంచి జపమాల తీసేది. చెక్క పూసలు, చేతి జిడ్డుకి నల్లబడి నున్నగా ఉండేవి. మేం నిద్రకి జోగుతుంటే జపం ఆపకుండానే మోకాలి మీద ఒక్కటి ఇచ్చేది. మొదటి సగం ఆమె చెప్పాలి, రెండో సగం మేం అందుకోవాలి. అందుకోవడం ఆలస్యమైతే ఆ పూస మీద వేలు అలాగే ఆగి ఉండేది.

మాది రెంటచింతల దగ్గర పేట. ఆర్.సి.యం. వాళ్లం. అమ్మ పుట్టిల్లు గురజాల, వాళ్లు లూథరన్లు. నాయనమ్మ జపమాల బయటికి తీయగానే అమ్మ లేచి వంటగదిలోకి వెళ్లిపోయేది. ముప్పై ఏళ్లు అలాగే జరిగింది. దీని మీద అత్తా కోడళ్లు ఒక్కసారి కూడా గొడవపడలేదు, మాట్లాడుకోనూ లేదు. చిన్నప్పుడు నాకది అత్తాకోడళ్ల వ్యవహారంలా కనిపించింది. చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో పడ్డాక, చరిత్ర పుస్తకాలు చదవడం అలవాటయ్యాక తెలిసింది: మా ఇంట్లో ఆ వంటగది గడపకి అటొక చరిత్ర, ఇటొక చరిత్ర ఉన్నాయి. రెండూ పల్నాడువే.

*

ముందు గడపకి అటువైపు. గురజాల అనగానే మనకి నలగామరాజు, నాగమ్మ, కోడిపందెం గుర్తొస్తాయి. క్రైస్తవ చరిత్రలో గురజాలకి ఇంకో పేరుంది. అమెరికా లూథరన్లు విదేశాలకి పంపిన మొదటి మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. అప్పటికి ఆయనకి 49 ఏళ్లు. గుంటూరు కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనకి అండగా నిలిచాడు. 1849లో హయ్యర్ గుంటూరు వదిలి పల్నాడులోకి, గురజాలకి మకాం మార్చాడు. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు జిల్లాని ఊడ్చేసి రెండు దశాబ్దాలు కూడా కాలేదు. రాళ్లు, జొన్నచేలు, జ్వరాలు ఉన్న చోటుకి ఆయన వచ్చాడు.

హయ్యర్ తెచ్చిన క్రైస్తవం చదువుకునే క్రైస్తవం. బడి, పుస్తకం, ప్రసంగం. దేవుడికీ మనిషికీ మధ్య వాక్యం ఉండాలి, ఆ వాక్యాన్ని ఎవరికి వాళ్లు చదువుకోగలగాలి. పూసలు లెక్కపెడుతూ ఒకే మాట యాభై సార్లు చెప్పడం ఆ పద్ధతిలో ఇమడదు. అమ్మ వంటగదిలోకి వెళ్లిపోవడం వెనక ఉన్నది ఇదే. మా అమ్మమ్మ బైబిలు చదివేది, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. అది అమ్మకి గర్వం. ఆ గర్వం ఊరికే రాలేదు. పేటలో పుట్టిన ఆడమనిషి చేతికి పుస్తకం రావడమంటే మాటలు కాదు.

ఒక చిన్న తమాషా ఏమిటంటే, లూథర్‌కి మరియమ్మ మీద ద్వేషం లేదు. 1521లో ఆమె పాడిన స్తుతిగీతం మీద ఆయన ఒక వ్యాఖ్యానమే రాశాడు. ఆమెని గౌరవించమన్నాడు, ఆమెని ఆశ్రయించవద్దన్నాడు. గురజాలకి చేరేసరికి ఆ గౌరవం పలచబడి, ఆ వద్దన్నది మాత్రం చిక్కగా మిగిలింది.

*

ఇక గడపకి ఇటువైపు. నడికుడి-మాచర్ల రైలు మార్గంలో గురజాల దాటితే రెంటచింతల వస్తుంది. ఎండాకాలం టీవీలో ఉష్ణోగ్రతల పట్టిక చూసేవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. అక్కడి కతోలికుల గుడి కానుకమాతది. ఈ ఊళ్లకి కతోలిక మతం గుంటూరు మీదుగా వచ్చిన అమెరికన్ పుస్తకంతో రాలేదు. అది ఇంకా పాతది, దక్షిణం నుంచి నడిచొచ్చింది.

18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్లు కర్ణాటక మిషన్ పేరుతో తమిళదేశం నుంచి తెలుగు నేలకి వచ్చారు. 1701లో పుంగనూరులో తొలి జ్ఞానస్నానాలు. తర్వాత కృష్ణాపురం, మద్దిగుబ్బ, ఇలా అనంతపురం సీమలో. ఆపైన యుద్ధాలు, కరువుల వల్ల అక్కడి కతోలిక కుటుంబాలు కొన్ని గుంటూరు వైపు వలస వచ్చాయి. వాళ్లలో రెడ్లు ఎక్కువ. ఫిరంగిపురం లాంటి ఊళ్లు అలా బలపడ్డాయి.

ఈ ప్రయాణానికి సాక్ష్యం కావాలంటే దస్తావేజుల దాకా వెళ్లనక్కర్లేదు, కతోలికుల తెలుగు వింటే చాలు. ప్రొటెస్టంట్లు 'సంఘం' అంటే వీళ్లు 'తిరుసభ' అంటారు. యేసు 'తిరుహృదయం', 'తిరుకుటుంబం'. ఆ 'తిరు' తమిళం. మే నెల మరియమ్మ 'వణకమాసం'. అందులో ఉన్నది తమిళ 'వణక్కం'. బాప్తిస్మం వీళ్లకి జ్ఞానస్నానం. పేతురు వీళ్లకి రాయప్ప, ఎందుకంటే ఆ పేరుకి అర్థం రాయి. పౌలు చిన్నప్ప, లాటిన్లో ఆ మాటకి చిన్నవాడని అర్థం కాబట్టి. జేవియర్ శౌరి అయ్యాడు, ఇగ్నేషియస్ ఇన్నయ్య అయ్యాడు. పల్నాడులో రాయపరెడ్డి, ఇన్నారెడ్డి, బాలశౌరి, ఆరోగ్యమ్మ అనే పేర్లు వింటే ఆ ఇంటి మూడు వందల ఏళ్ల దారి తెలిసిపోతుంది. స్పెయిన్‌లో ఆడపిల్లలకి రొసారియో అని పెట్టుకున్నట్టే మన దగ్గర జపమాల అని పెట్టుకున్నారు.

'జపమాల' అన్న మాటే చూడండి. జెస్యూట్లు కొత్త మాట పుట్టించలేదు. రుద్రాక్షలకీ తులసిపూసలకీ ఉన్న పేరునే తీసుకున్నారు. దేవుణ్ణి సర్వేశ్వరుడు అన్నారు, మాస్‌ని పూజ అన్నారు. ఇది ఉదారతా, ఎత్తుగడా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకైతే రెండూ అనిపిస్తుంది. ఫలితం మాత్రం ఒకటి: పల్నాడు పల్లెలో పొద్దున్నే లేచి జొన్నలు దంచే మనిషికి పరాయి మాట నోరు తిప్పుకోవాల్సిన పని తప్పింది.

*

జపమాల ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ల కోసం. సిలువ దగ్గర విశ్వాస సంగ్రహం. తర్వాత ఒక పెద్ద పూస, మూడు చిన్న పూసలు. ఆపైన అయిదు పదులు. ప్రతి పదికి ముందు ఒక పెద్ద పూస. పెద్ద పూస మీద పరలోక జపం, చిన్న పూస మీద మంగళవార్త జపం. అంటే ఒక చుట్టుకి 53 మంగళవార్తలు, ఆరు పరలోక జపాలు. మొత్తం 59 పూసలు. ప్రతి పదికీ ఒక దేవరహస్యం, అంటే యేసు, మరియమ్మల జీవితంలోంచి ఒక ఘట్టం, మనసులో పెట్టుకోవాలి. సంతోష రహస్యాలు అయిదు, దుఃఖ రహస్యాలు అయిదు, మహిమ రహస్యాలు అయిదు. 2002లో రెండో జాన్ పాల్ పోపు వెలుగు రహస్యాలు అయిదు చేర్చాడు. నాయనమ్మ వాటిని చివరిదాకా 'కొత్తవి' అనే పిలిచింది.

నేను చేసే పని సాఫ్ట్‌వేర్ కాబట్టి మొదట నాకు ఇందులో ఒక లూపు, లోపల ఇంకో లూపు కనిపించాయి. కానీ చరిత్ర చదివితే దీని అసలు అవసరం వేరని తెలుస్తుంది. మధ్యయుగాల ఐరోపాలో మఠాల్లో ఉండే చదువుకున్న సన్యాసులు 150 కీర్తనలు చదివేవాళ్లు. చదువురాని వాళ్లు ఏం చెయ్యాలి? కీర్తనకి బదులు ఒక జపం, లెక్క కోసం ఒక పూస. పునీత దోమినిక్‌కి మరియమ్మే స్వయంగా జపమాల ఇచ్చిందని ఐతిహ్యం ఉంది. నిజానికి ఇది 15వ శతాబ్దం దాకా మెల్లగా రూపు కట్టుకుంటూ వచ్చింది. 1569లో అయిదో పయస్ పోపు దీన్ని అధికారికంగా స్థిరపరిచాడు. 1571 అక్టోబరు 7న లెపాంటో నావికాయుద్ధంలో ఒట్టోమన్ల మీద గెలుపుని జపమాల మహిమకి ముడిపెట్టారు. జపమాల మాత పండగ అక్టోబరు 7న రావడం అందుకే. 1883లో పదమూడో లియో పోపు అక్టోబరు నెల మొత్తాన్నీ జపమాలకి కేటాయించాడు. యుద్ధం సంగతి మా పేటలో ఎవరికీ తెలియదు. అక్టోబరులో రోజుకో ఇంట్లో జపమాల పెట్టుకోవడం, చివర్లో మరమరాలూ టీ మాత్రం అందరికీ తెలుసు.

మంగళవార్త జపానికి కూడా ఒక చరిత్ర ఉంది. మొదటి సగం లూకా సువార్తలోది: దేవదూత పలకరింపు, ఎలిజబెతమ్మ దీవెన. ఇది పాతది. రెండో సగం, ఇప్పుడూ మా చావు ఘడియలోనూ మాకోసం వేడుకోమనే మనవి, చాలా తర్వాత చేరి 1568 నాటి ప్రార్థన గ్రంథంలో స్థిరపడింది. మొదటి సగం పలకరింపు, రెండో సగం భయం. అందుకే ఇద్దరు చెప్పుకునేలా సరిగ్గా రెండుగా విరుగుతుంది. ఒకళ్లు మొదలుపెట్టాలి, ఇంకొకళ్లు పూర్తిచెయ్యాలి.

*

1773లో పోపు జెస్యూట్ సభనే రద్దు చేశాడు. 1875లో మిల్ హిల్ గురువులు వచ్చి కుదురుకునేదాకా, సుమారు వందేళ్లు, తెలుగు కతోలికులకి ఉన్న గురువులు బహు కొద్దిమంది. ఎక్కడో ఉన్న ఒక్క ఫాదర్ ఎన్ని ఊళ్లు తిరుగుతాడు? పూజ లేదు, పాపసంకీర్తన లేదు. మరి మతం ఎలా నిలిచింది? ఉపదేశులు కొంత నిలబెట్టారు. ఇంట్లో ఆడవాళ్లు చెప్పుకున్న జపాలు మిగతాది నిలబెట్టాయని నా నమ్మకం. జపమాలకి గురువు అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు, గుడి అక్కర్లేదు.

ఇలాంటిది ఇంకో చోట ఇంకా తీవ్రంగా జరిగింది. జపాన్‌లో రెండు వందల ఏళ్లకి పైగా క్రైస్తవం మీద నిషేధం. ఒక్క గురువూ లేడు. 1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన ఓరా గుడికి కొందరు పల్లెవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకామె ఫ్రెంచి ఫాదర్ పెటిజాన్‌ని అడిగిన మొదటి ప్రశ్న: సాంతా మరియ స్వరూపం ఎక్కడుంది? తరతరాలుగా నోటి జపాలతో, దాచుకున్న బొమ్మలతో వాళ్లు తమ మతాన్ని కాపాడుకుంటూ వచ్చారు. సిద్ధాంతాలు అడగలేదు, అమ్మ ఎక్కడుందని అడిగారు.

మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. రెండో వాటికన్ మహాసభ (1962-65) దాకా పూజ లాటిన్‌లోనే జరిగేది. నాయనమ్మ చెప్పేది: "ఫాదర్‌గారు అటు తిరిగి ఆయన చదువుకునేది ఆయన చదువుకునేవారు నాయనా, మేం ఇటు కూచుని జపమాల చెప్పుకునేవాళ్లం." ఈ మాటని నేను చాలాకాలం అమాయకత్వం అనుకున్నాను. ఇప్పుడు వేరేగా వినిపిస్తుంది. గుడిలో అధికార భాష లాటిన్, అది మగవాడి నోట. జనం నోట ఉన్నది తెలుగు. ఆ తెలుగు ఎక్కువగా ఆడవాళ్ల తెలుగు. పూజ తెలుగులోకి మారడానికి ఎన్నో తరాల ముందే మా పేటలో దేవుడితో తెలుగులో మాట్లాడుతున్నారు, 53 పూసల మీద.

చదువూ జపమూ రెండూ ఒకే చేతిలో పట్టుకున్న ఆడమనిషి కూడా ఈ నేల మీదే పుట్టింది. ఫిరంగిపురంలో 1822లో పుట్టిన జ్ఞానమ్మ పెళ్లి చేసుకుని మద్రాసు దగ్గరి కీళచ్చేరి వెళ్లింది. అయిదుగురు కొడుకులు. భర్త పోయాక, విధవరాలు గడప దాటకూడని రోజుల్లో, 1863లో ఆడపిల్లల కోసం బడి పెట్టింది. మద్రాసులోనూ ఫిరంగిపురంలోనూ ఉన్న పునీత అన్నమ్మ పేరిటి మఠాలు రెండింటికీ ఆమే మూలం. 1874లో పోయింది. అన్నమ్మ అంటే మరియమ్మకి అమ్మ, యేసుకి అమ్మమ్మ. తల్లి భక్తి అంటే బొమ్మకి దండవేయడం ఒక్కటే కాదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

*

"మీ మరియమ్మ మా పోలేరమ్మే కదా" అని ఒక స్నేహితుడు అడిగాడు. పల్నాడు అమ్మవార్ల నేల. కారంపూడిలో అంకాళమ్మ, గురజాలలో పాతపాటేశ్వరి. గుణదల తిరునాళ్లకి వెళితే అతని ప్రశ్న సబబే అనిపిస్తుంది. 1924లో ఫాదర్ అర్లాటి గుణదల కొండ మీద మరియమ్మ స్వరూపం ప్రతిష్ఠించాడు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షలమంది వస్తారు. తలనీలాలు, కొబ్బరికాయలు, మొక్కుబడులు. వచ్చేవాళ్లలో హిందువులూ చాలామంది. మా పేట నుంచి రైల్లో వెళ్లేవాళ్లం, పులిహోర కట్టుకుని.

అయినా రెండూ ఒకటి కావు. అమ్మవారు ఊరి పొలిమేర కాస్తుంది, కోపమొస్తే అమ్మోరు పోస్తుంది, శాంతి చెయ్యాలి. మరియమ్మకి కోపం రాదు. ఆమె తానుగా ఏదీ ఇవ్వదు, కొడుకుని అడిగి పెడుతుంది. 2025 నవంబరులో వాటికన్ ఒక పత్రం విడుదల చేసి మరియమ్మని 'సహరక్షకి' అనడం సముచితం కాదంది, విశ్వాసుల తల్లి అన్న పేరుని ముందుకి తెచ్చింది. నాయనమ్మకి ఈ గొడవ తెలిసుంటే నవ్వేది. ఆమెకి మరియమ్మ బిడ్డని పోగొట్టుకున్న ఆడది. దుఃఖ రహస్యాలు చెప్పే మంగళ, శుక్రవారాల్లో గొంతు మారేది. కక్షలకి కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు ఉన్న నేల ఇది. వ్యాకులమాత స్వరూపం ముందు వాళ్లకి వివరణ అక్కర్లేదు.

ఫిబ్రవరి 11 కూడా ఊరికే ఎంచుకున్న తేదీ కాదు. 1858లో ఆ రోజున ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదపిల్ల తనకి ఒక స్త్రీ కనిపించిందని చెప్పింది. ఆ పిల్లకి చదువు రాదు. భయమేసి జేబులోంచి తీసింది జపమాలే.

*

ఇంతవరకు రాసింది చదివితే జపమాల ఒక విముక్తి సాధనంలా కనిపించవచ్చు. అది నిజం కాదు, సగం నిజం. ఒకే జపం చెప్పే రెడ్లవీధికీ మా పేటకీ మధ్య దూరాన్ని 53 పూసలూ కలపలేదు. తెలుగువాడైన మొదటి కార్డినల్, దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ కూడా, పూల ఆంథోనీ. ఆయన ఆ స్థానానికి రావడానికి 2022 దాకా పట్టింది. ఇంట్లో జపం నడిపిన ఆడవాళ్లకి పీఠం దగ్గర నిలబడి పూజ చెప్పే హక్కు ఇప్పటికీ లేదు.

ఇంకోటి, దీన్ని పైకి చెప్పుకోరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులనీ 1990లో బౌద్ధులనీ చేర్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఆ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బి.సి.-సి లోకి వస్తాడు. అందుకే ఎన్నో పేటల్లో మనిషికి రెండు పేర్లు: బడి రికార్డులో ఒకటి, జ్ఞానస్నానం పుస్తకంలో ఒకటి. నాగసాకి గురించి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కంటే ముందు మా వీధి గుర్తొచ్చింది. జపమాల మెళ్లో వేసుకునేది కాదు, చెంగున ముడేసుకునేది. అలా ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆడవాళ్ల ఓర్పుని పూజించే ఏ భక్తిలోనైనా ఒక ప్రమాదం ఉంది: ఓర్చుకోవడమే వాళ్ల పనని తేలుతుంది. మరియమ్మ దేవుడి చిత్తానికి తలవంచిందని వెయ్యిసార్లు విన్నాను. అదే మరియమ్మ రెండో సంతోష రహస్యంలో, కడుపుతో ఉండి కొండలు దాటి ఎలిజబెతమ్మకి సాయానికి వెళుతుంది. అక్కడ ఆమె పాడిన పాటలో బలవంతులు గద్దెలు దిగిపోతారు, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుంది. లూథర్ వ్యాఖ్యానం రాసింది ఆ పాట మీదే. జపమాలలో ఆ ఘట్టం ఉంది కానీ ఆ పాట లేదు. ఉండి ఉంటే అమ్మా నాయనమ్మా ఒకే గదిలో కూర్చునేవాళ్లేమో.

*

చివరికి కూర్చున్నారు. నాయనమ్మకి ఆఖరి రెండేళ్లూ మతిమరుపు. ముందు మా పేర్లు పోయాయి, తర్వాత నాన్న పేరు పోయింది. వేళ్లు మాత్రం పూసల మీద కదిలేవి. కానీ జపం మొదలయ్యేది కాదు. మొదటి సగం ఆమెకి పోయింది. సాయంత్రం అయ్యేసరికి మొదటి పూస పట్టుకుని, ఎవరో ఏదో చెప్పాల్సి ఉన్నట్టు వాకిలి వైపు చూస్తూ ఉండేది. అవతల జపం ఆగిపోయినందుకు చిరాకుపడేది, ఏడ్చేది.

ఒకరోజు అమ్మ వంటగదిలోంచి వచ్చి పక్కన కూర్చుంది. "చెప్పండి అత్తయ్యా" అంది. నాయనమ్మ చెప్పలేదు. అమ్మే మొదటి సగం చెప్పింది, ఒక్క మాట తప్పకుండా. ముప్పై ఏళ్లు వంటగదిలో విన్నది అంతా ఆమె దగ్గర ఉంది. నాయనమ్మ వెంటనే రెండో సగం అందుకుంది. అలా అయిదు పదులూ అయ్యాయి. పోయేదాకా రోజూ అలాగే చెప్పుకున్నారు.

తర్వాత అమ్మని అడిగాను, మీవాళ్లు ఒప్పుకుంటారా అని. "నేను మరియమ్మకి మొక్కలేదురా. మీ నాయనమ్మకి మాట అందించానంతే" అంది. ఇందులో లూథరన్ సిద్ధాంతానికి వచ్చిన లోటేమీ లేదని ఆమె ఇప్పటికీ వాదిస్తుంది. నేను ఎదురు చెప్పను.

జపమాల ఇప్పుడు హైదరాబాదులో నా బల్ల సొరుగులో ఉంది. నాకు భక్తి లేదు. చిన్నప్పటి నుంచి బదులు చెప్పినవాణ్ణే కాబట్టి నాకు నోటికొచ్చింది రెండో సగం మాత్రమే. పోయిన అక్టోబరులో అమ్మకి ఫోన్ చేసి మొదటి సగం చెప్పించుకుని రాసుకున్నాను.